సీవాలో నేను మూయని బోరు

ముప్పై రెండేళ్ళు నేను భూమికి కన్నాలు వేయించి బతికాను. చదివింది భూగర్భ శాస్త్రం, చేసింది బోర్లు వేసే కంపెనీల్లో ఉద్యోగం. తమిళనాడులో మా ధర్మపురి పల్లెల్లో ఆ చదువు పేరు ఎవరికీ నోరు తిరగదు కాబట్టి నన్ను "నీళ్ళు చూసే సారు" అనేవాళ్ళు. ఆ పేరు నాకు ఏనాడూ గిట్టలేదు. మా వైపు నీళ్ళు చూసేవాడంటే అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని పొలమంతా తిరిగేవాడు. నేను తిరిగింది ఒక మీటరు, నాలుగు ఇనుప మేకులు, రెండు తీగచుట్టలు పట్టుకొని.

మా ఊరు పెరియంపట్టి పిల్ల రేవతి ఇదే చదువు ముగించి మొన్న ఉద్యోగంలో చేరబోతూ ఇంటికి వచ్చింది. "తాతా, నాకేమన్నా చెప్పు. సర్టిఫికెట్ల సంగతి వద్దు, నిజంగా ఎట్లుంటాదో చెప్పు" అంది. ఇది ఆ పిల్ల కోసం రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాలు ఇందులో ఉండవు. నా చేతి మీద ఎన్ని బోర్లలో నీళ్ళు పడ్డాయో కూడా చెప్పను. ఒక్క బోరు సంగతి చెబుతాను. అందులో నీళ్ళు పడ్డాయి. నేను చేసిన పెద్ద తప్పు అక్కడే మొదలైంది.

కొబ్బరికాయ

నేను తమిళంలో వాదించడం నేర్చుకున్నాను, తెలుగులో తిట్టడం నేర్చుకున్నాను. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, అదీ మా బతుకు. తెలుగు అక్షరాలు నాకు తిరుపతిలో చదువుకునేటప్పుడు హాస్టల్లో వచ్చాయి. మా ఇంట్లో ఇంకెవరికీ రావు. పదిహేనేళ్ళ వయసు నుంచి ధర్మపురి బస్టాండు పక్కన జరిగే సంస్కరణ సభలకు పోయేవాణ్ణి. దేవుడు, కులం, జాతకం, ముహూర్తం, ఏది దొరికితే దాని మీద వాదం. ఎదుటివాడి నోట్లోంచి ఒక మాట పట్టుకొని దాంతోనే వాణ్ణి పడగొట్టడం అక్కడ పెద్ద విద్య. ఆ విద్యలో నేను మొదటివాణ్ణి. సభ నవ్వితే గెలిచినట్టు.

మహేంద్రమంగళంలో ఒక రైతు పొలంలో నా మొదటి వాదం జరిగింది. కొబ్బరికాయ ఆయన ఈశాన్యంలో కాయ నిలబడిందన్నాడు. నా మీటరు పడమర గట్టు దగ్గర రాయి పగిలి ఉందని చెప్పింది. రైతు పాపం ఇద్దరినీ నమ్మి రెండు చోట్లా వేయించాడు. రెండు చోట్లా దుమ్మే లేచింది. తేడా ఎక్కడుందంటే, నేను ఎందుకు తప్పానో ఆ సాయంత్రం కూర్చొని రాసుకున్నాను. కొబ్బరికాయ ఆయన రాసుకోలేదు. ఆడవాళ్ళెవరో అడ్డం నడిచారని చెప్పి మరుసటి ఊరికి పోయాడు. రేవతీ, హేతువంటే నాకు తెలిసింది అంతే. తప్పును రాసుకోవడం.

ఆ రైతు కొడుకు మునిరత్నం తర్వాత మా లారీ మీద డ్రిల్లర్‌గా చేరాడు. రాడ్డు తిరిగే చప్పుడు విని కింద ఏ రాయి ఉందో చెప్పేవాడు. చేతికి ఎప్పుడూ పసుపు తాడు. దాని మీద మా ఇద్దరికీ రోజూ జగడం.

"ఏం మునిరత్నం, చేతికి తాడు కట్టుకుంటే రాయి మెత్తబడతాదా?"

"రాయి మెత్తబడదు సార్. నేను గట్టిపడతాను."

ఇక్కడ మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి, ముందుకు అది అవసరం. బోరులో నీళ్ళు పడితే మేము ఆపం. మిషను ఇంకో గంట నడుస్తుంది. నీళ్ళు కొబ్బరిచెట్టంత ఎత్తు లేచి, పొలం దాటి, దారి మీద పడి పారుతుంటాయి. ఆడవాళ్ళు పసుపు, కుంకుమ తెస్తారు. ముసలివాళ్ళు కూడా బట్టలతోనే తడుస్తారు. బిందె నీళ్ళకు కొట్టుకునే ఊరు ఆ గంట సేపు నీళ్ళు వృథాగా పోవడాన్ని కళ్ళారా చూసి మురుస్తుంది. అప్పుడే మూయమంటే అపశకునం. అపశకునాలు నమ్మని నేను కూడా ఇన్నేళ్ళలో ఒక్కసారీ మూయమనలేదు. నాకు ఆ మాట తోచనే లేదు.

ఉప్పు పళ్ళెం

మా జిల్లా నుంచి కృష్ణగిరి విడిపోయిన ఏడాది నేను, మునిరత్నం ఈజిప్టు పోయాం. వరసగా వానలు ఎగ్గొట్టిన కాలం అది. ఇక్కడ ఎంత లోతు పోయినా దుమ్ము తప్ప రావడం లేదు. అక్కడ లిబియా సరిహద్దు దగ్గర ఎడారిలో ఒక కంపెనీ ఆలివ్ తోటలు వేస్తున్నది, లోతు బోర్లు తెలిసినవాళ్ళు కావాలన్నారు. ఎడారిలో నీళ్ళు తీయడానికి ధర్మపురి వాళ్ళను పిలిచారని మునిరత్నం పొంగిపోయాడు.

సముద్రం ఒడ్డున మర్సా మత్రూహ్ నుంచి దక్షిణంగా బస్సు. గంటల తరబడి రాయి, ఇసుక, ఆకాశం. ఉన్నట్టుండి రోడ్డు కిందికి దిగింది. ఆ దిగుడు చివర కంటికి ఆనినంత మేర ఖర్జూర చెట్లు, వాటి నడుమ తెల్లగా మెరిసే చెరువులు. అదే సీవా.

"ఎంత నీళ్ళు సార్!" అన్నాడు మునిరత్నం.

అది ఉప్పు. సీవా సముద్ర మట్టానికి దిగువన ఉన్న పల్లం. అంచులు లేచిన పళ్ళెం అనుకోండి. పళ్ళెంలో పైపొర సున్నపురాయి, దాంట్లోంచి వందల ఊటలు వాటంతటవే పుట్టి తోటలకు పారుతాయి. తోటలు తాగగా మిగిలింది కాలవల్లో పడి చెరువుల్లోకి పోతుంది. చెరువుల నుంచి బయటికి దారి లేదు. ఎండ ఒక్కటే ఆ నీళ్ళను తీసుకుపోగలదు. ఉప్పును అదీ తీసుకుపోలేదు. ఇంకా బాగా లోతున ఇసుకరాతి పొర ఉంది. ఎడారి ఎడారి కాక ముందు కురిసిన వానలు అందులో ఒత్తిడి మీద నిలిచి ఉన్నాయి. అక్కడికి కన్నం పడితే చాలు, పంపు లేకుండానే పైకి తన్నుకొస్తాయి.

ఊరి మధ్య గుట్ట మీద పాత కోట ఉంది. చెరువు అంచున పేరుకున్న ఉప్పుమట్టి పెళ్ళలతో కట్టిన ఇళ్ళు. ఎప్పుడో తాతల కాలంలో మూడు రోజులు వాన పడితే ఊరంతా కరిగి కూలిందట. వానకు భయపడే మనుషులను నేను జీవితంలో మొదటిసారి అక్కడ చూశాను. చూసి నవ్వుకున్నాను. ఆలోచించి ఉండాల్సింది.

కంపెనీ మాకు యూసుఫ్ అనే దుబాసీని ఇచ్చింది. స్థానిక బడిలో భూగోళం చెప్పే పంతులు, ఇంగ్లీషు బాగా వచ్చు. మొదటి రోజే అడిగాడు:

"మీ ఇంట్లో ఏ భాష?"

"తెలుగు."

"మీ బడిలో?"

"తమిళం."

"మీ భాష రాస్తారా?"

"నేను రాస్తాను. నా పిల్లలకు రాదు."

అతను పకపక నవ్వాడు. "మా ఇంట్లో సీవీ. బడిలో అరబ్బీ. మా భాష రాసే అలవాటు మాలో ఎవరికీ లేదు. మీ పిల్లలు మా ఊరివాళ్ళే పో."

ఆ ఊళ్ళో హాజ్ సులేమాన్ అని డెబ్బై దాటిన పెద్దాయన ఉండేవాడు. ఒక ఊట నీళ్ళు ఎవరి తోటకు ఎంతసేపు పారాలో నీడ చూసి చెప్పే పని ఆ ఇంటిదే. ఆయన తోట ఊరికి పల్లాన, చెరువుకు దగ్గర. తండ్రి నాటిన ఖర్జూరాలు. నేను మొదట చూసినప్పుడు ఆ వయసులో నడుముకు తాడు చుట్టుకొని చెట్టెక్కి, మగ చెట్టు పూరెమ్మలు తెచ్చి ఆడ పూగుత్తిలో పెట్టి కడుతున్నాడు. గాలి ఆ పని సరిగా చేయదు, ప్రతి చెట్టుకూ మనిషి ఎక్కాలి. దిగి వచ్చి నాకు టీ పోశాడు. చిన్న గ్లాసు, చిక్కటి టీ, మూడుసార్లు. మూడోది తాగకపోతే తప్పుపడతారని యూసుఫ్ చెప్పాడు. ఆయనను చూస్తే నాకు ఇష్టం కలిగింది. ఇది కూడా రాయాలి. ఎందుకంటే నేను చేసింది పగతో చేసిన పని కాదు.

ఒక వాక్యం

కంపెనీ భూమి ఊరికి మిట్టన ఉంది. ఏప్రిల్‌లో బోరు లోతు పొరను తాకింది. నేను గుడారంలో లెక్కలు రాసుకుంటున్నాను. బయట మునిరత్నం కేక.

"సారూ! మిషను ఆపేసినా వస్తా ఉండాది సార్!"

"కొంచం తగ్గించు."

"తగ్గించేది నా చేతిలో ఉంటే గదా! రాండి, మీరే చూడండి!"

గోరువెచ్చటి నీళ్ళు మా నెత్తి మీదికి లేస్తున్నాయి. మునిరత్నం ఆ నీళ్ళ కింద చతికిలబడి ఏడుస్తున్నాడు. "మా నాయన నాలుగు బోర్లు ఏసి దుమ్ము చూసి పోయినాడు సార్. ఇది ఒక్క దినం చూసింటే చాలు." పర్సులోంచి కుంకుమ పొట్లం తీసి పైపుకు రాశాడు. నేను ఎగతాళి చేశాను. చేస్తూనే నేనూ నిలువునా తడిశాను.

ఇలాంటి బోరుకు పైన వాల్వు ఉండాలి. మాది అలెగ్జాండ్రియా రేవులో ఆగిపోయి మూడు వారాలకు వచ్చింది. బిగించాం. చక్రం మీద చెయ్యి పెట్టి మునిరత్నం నా వైపు చూశాడు.

"మూసేదా సార్? తానుగా వచ్చే నీళ్ళను మూస్తే పాపం తగలదా?"

"పాపం ఒకటుందా నీ మొగానికి!" అన్నాను. "మూసే పని లేదులే. వదిలెయ్."

గమనించండి. అతని కారణాన్ని వెక్కిరించాను, అతని నిర్ణయాన్ని ఒప్పుకున్నాను.

కైరో నుంచి వచ్చిన మేనేజరు కుర్ర ఇంజనీరు. తోట తాగగా మిగిలే నీళ్ళ సంగతి ఏమిటని అడిగాడు, నివేదికలో ఒక మాట రాయమన్నాడు. రాశాను: "మిగులు నీరు పల్లపు తోటలకు పారి వాటికి మేలు చేస్తుంది." ఆ వాక్యానికి ముందు నేను కాలవ కొలవలేదు, చెరువు మట్టం చూడలేదు, పల్లపు తోటలో ఒక్క గుంట తవ్వి చూడలేదు. మహేంద్రమంగళంలో కొబ్బరికాయ ఆయన కూడా నాలుగడుగులు పొలంలో నడిచి చెప్పాడు. నేను నడవకుండానే చెప్పాను. పుట్టిన దగ్గర్నుంచి నీళ్ళు పారిన చోట చెడు జరగడం నేను చూడలేదు. అదే నాకు రుజువు.

కొండ కింద భోజనం

ఖర్జూరం కోత అయ్యాక, పున్నమి రోజుల్లో ఆ ఊరి మగవాళ్ళంతా పక్కనున్న కొండ కిందికి పోయి మూడు రోజులు ఉంటారు. ఉన్నవాడు, లేనివాడు ఒకే చోట వండుకొని ఒకే పళ్ళెంలో తింటారు. తినే ముందు ఆ ఏడాది తగవులన్నీ తీరాలి. పోట్లాడుకున్నవాళ్ళు ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకొని రొట్టె పంచుకుంటారు. మమ్మల్నీ పిలిచారు. పూజారి పెత్తనం లేకుండా జరిగే పంచాయితీ కదా అని నేను సంబరపడి పోయాను.

మధ్యాహ్నం హాజ్ సులేమాన్ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. చేతిలో మనిషంత ఖర్జూరపు మట్ట, ఎండి నున్నగా ఉంది. దాని తలకట్టున ఒక నీలం పూస, తోలు తాయెత్తు. చుట్టూ పాతిక ముప్పై మంది మూగారు. యూసుఫ్ మా నడుమ కూర్చున్నాడు.

"ఇంజనీరూ, నీ మాట ఒకటి వెనక్కి తీసుకోవాలి" అన్నాడు ముసలాయన.

"ఏ మాట?"

"నీ బోరు నీళ్ళు మా తోటలకు మేలన్నావట. మేం మొర పెట్టుకోను పోతే మీ కంపెనీ ఆ కాగితం చూపించి మమ్మల్ని పంపేస్తోంది."

"నీళ్ళొస్తే చేటా, హాజ్?"

"చెరువు చలికాలం తింటుంది. ఎండాకాలం ఉపవాసం ఉంటుంది. మా నాయన కాలం నుంచి అంతే. ఈ ఏడు ఉపవాసం లేదు. ఎండల్లో కూడా తింటూనే ఉంది. ఇదిగో, చూడు." మట్ట నా వైపు చాపాడు.

నేను మట్ట వైపు చూశాను. చూసింది పూసను.

"ఉపవాసం ఉండడానికి చెరువుకు నోరుందా, కడుపుందా?" అన్నాను. యూసుఫ్ తర్జుమా చేశాడు. వెనక ఉన్న కుర్రాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు. ధర్మపురి బస్టాండు పక్కన అలాంటి నవ్వు కోసమే నేను పెరిగాను.

"ఆ పూస ఎందుకు?"

"దిష్టి తగలకుండా."

"దేనికి? చెట్టుకా, నీకా?"

"లెక్కకు. లెక్క తప్పిపోకుండా."

నా నోటికి అందాల్సింది అందింది. "పూస కట్టి కాపాడుకోవాల్సిన లెక్క లెక్కే కాదు హాజ్!"

ఈసారి పెద్దవాళ్ళు కూడా నవ్వారు. ముసలాయన నవ్వలేదు. "సరే. మరి నీ లెక్క ఏది?" అని అడిగాడు.

నేను చెప్పాను. బోరు ఎంత లోతు, ఒత్తిడి ఎంత, గంటకు ఎన్ని నీళ్ళు పైకి వస్తున్నాయి, వాటిలో ఉప్పు ఎంత తక్కువ, అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అన్నీ నిజమే. పైకి వచ్చిన నీళ్ళ లెక్క నా దగ్గర చుక్క తప్పకుండా ఉంది. అవి ఎక్కడికి పోతున్నాయో ఒక్క అంకె లేదు. ఆ సంగతి పట్టుకోగల మనిషి ఆ కొండ కింద ఒక్కడే ఉన్నాడు. నేను ఆయన నోరు అప్పటికే మూయించాను.

హాజ్ సులేమాన్ మట్టను ఒళ్ళోకి తీసుకున్నాడు. "నువ్వు చదువుకున్నవాడివి. తగవు తీరింది" అన్నాడు. రొట్టె విరిచి సగం నాకిచ్చాడు. ఇద్దరం ఒకే పళ్ళెంలో తిన్నాం.

తిరిగి వచ్చేటప్పుడు యూసుఫ్ చెప్పాడు, ఆ కొండ కింద రొట్టె తిన్నాక ఆ తగవును మళ్ళీ ఎత్తితే హాజ్ మనిషి కింద లెక్క కాదట. మొర పెట్టినవాళ్ళకు పెద్ద ఆయనే కాబట్టి మిగతావాళ్ళూ ఎత్తరట. "అయితే మంచిదే" అన్నాను.

మునిరత్నం మాత్రం గొణిగాడు. "గెలిస్తిరి సార్. ముసిలాయన మొగం చూస్తిరా?"

"ఓడిపోయినోడి మొగం అట్లే ఉంటాది."

"ఓడినట్టు లేడు సార్. నోరు కుట్టేసుకున్నట్టు ఉండాడు."

ఆ నెలలోనే మా కాంట్రాక్టు ముగిసింది. వాల్వు తెరిచే ఉంది. మేము ఇంటికి వచ్చేశాం.

వాయికరిసి

రెండేళ్ళు పోయాక కంపెనీ మళ్ళీ పిలిచింది. బోరు మూయాలి, త్వరగా రండి అన్నారు. ఊరి తోటలు పోయాయని వాళ్ళు పిలవలేదు. ఉప్పునీరు పల్లాన కట్టిన వాళ్ళ గోదాము పునాది దాకా ఎక్కింది, అందుకని పిలిచారు. నా ఉద్యోగ జీవితంలో యజమానుల గురించి నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క ఫోన్‌లో ఉంది.

సెప్టెంబరులో దిగాం. బస్సు ఆ దిగుడు దిగుతుండగానే మునిరత్నం నా చెయ్యి పట్టుకున్నాడు. చెరువు పెద్దదైంది. పల్లపు తోటల్లో నేల తెల్లగా పొక్కులు కట్టి ఉంది, నడిస్తే కాలి కింద పటపటమంటుంది, పెంకు విరిగితే లోపల నల్లటి బురద. ఖర్జూరపు చెట్టుకు మొవ్వు ఒకటే. అది ఎండితే చెట్టు అంతే. హాజ్ సులేమాన్ తోటలో మొవ్వులు ఎండి, మట్టలు మానుకు అంటుకొని వేలాడుతున్నాయి. తండ్రి నాటిన వరసలు వరసలుగానే ఉన్నాయి. నీళ్ళు లేక చచ్చిన తోటలు మా జిల్లాలో వందల్లో చూశాను. కాళ్ళ కింద నీళ్ళు పెట్టుకొని చచ్చిన తోటను అక్కడే చూశాను.

నా బోరు నీళ్ళు రెండున్నర ఏళ్ళుగా పల్లానికి పారి, పళ్ళెం అడుగున నిలిచి, పాత ఉప్పునంతా కరిగించి పైకి లేపాయి. వేళ్ళు ఉప్పునీటిలో మునిగాయి. ఇందులో రహస్యమేమీ లేదు. ఇది మొదటి ఏడాది పాఠం. పళ్ళేనికి కన్నం లేకపోతే పోసినదంతా పళ్ళెంలోనే ఉంటుంది.

వాల్వు చక్రం ఉప్పు పట్టి బిగుసుకుపోయింది. మునిరత్నం బలం పెడితే కాడ విరిగింది. ఇక సిమెంటు ఒకటే దారి. బరువైన బురద దించి నీళ్ళను అణచి, ఆ మీద సిమెంటు పంపడానికి రెండు రోజులు పట్టింది. సిమెంటు మొదలుపెట్టే ముందు మునిరత్నం వంటవాడి దగ్గరికి పోయి పిడికెడు బియ్యం తెచ్చాడు. బోరు మూతిలో వేశాడు. మా వైపు చితి దగ్గర శవం నోట్లో వేసే బియ్యాన్ని వాయికరిసి అంటాం.

"నా చేత్తో తెరిచినాను, నా చేత్తోనే పూడుస్తా ఉండాను" అన్నాడు. "తిట్టాలంటే తిట్టండి సార్."

నేను తిట్టలేదు. ఆ రోజు నాకు ఎవరినైనా తిట్టే హక్కు మిగిలిందనిపించలేదు.

పూస, కట్టె

ఇక్కడ దాకా చదివి "చూశారా, పెద్దల నమ్మకాల్లో ఏదో ఉంది" అనబోయేవాళ్ళకు ఒక మాట. దయచేసి నన్ను మీ వాదానికి సాక్షిగా పిలవకండి. పూసలో ఏమీ లేదు. తాయెత్తులో తోలు, దారం తప్ప ఏమీ లేవు. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. కానీ ఆ కొండ కింద కూర్చున్న మా ఇద్దరిలో కొలత తీసినవాడెవడు? తోటలో గుంట తవ్వి, అందులో మట్ట నిలబెట్టి, అమావాస్య అమావాస్యకు నీటి మట్టం దగ్గర గాటు పెట్టినవాడు హాజ్ సులేమాన్. కొలవకుండా, చూడకుండా, పుట్టుకతో వచ్చిన నమ్మకం ఒకటి పట్టుకొని మాట్లాడినవాణ్ణి నేను. "నీళ్ళు పారితే మేలే" అనేది మా కరువు నా మెడలో కట్టిన తాయెత్తు. అది కంటికి కనబడదు కాబట్టి నేను హేతువాదిగా చలామణి అయ్యాను.

ఆ తాయెత్తే మా ధర్మపురిని కూడా తింటున్నది. ఇక్కడ నీళ్ళు పడకపోతే ఇంకా లోతు, ఇంకా లోతు అని పోయాం. లోతు నుంచి వచ్చిన నీళ్ళు తాగి పిల్లల పళ్ళు గారపట్టి, పెద్దవాళ్ళ మోకాళ్ళు వంగాయి. నీళ్ళు పడ్డాయా అని అడిగాం. ఎలాంటి నీళ్ళని అడగలేదు. ఆ బోర్లలోనూ నావి ఉన్నాయి.

వాదించడం మానమని రేవతికి నేను చెప్పను. ఎదుటివాడు తప్పు కారణం చెప్పాడని, వాడు చూసింది కూడా తప్పని అనుకోకు. సభ నవ్విందంటే ఒక్క క్షణం ఆగు. నేను ఆగలేదు.

కట్టె

సిమెంటు బిగిసిన రోజు పొద్దున హాజ్ సులేమాన్ గాడిద బండి మీద బోరు దగ్గరికి వచ్చాడు. తోట పోయాక ఊళ్ళో కూతురింట్లో ఉంటున్నాడట. చాలా చిక్కిపోయాడు. బండిలోంచి పొయ్యి, కెటిలు దించి టీ కాచాడు. మొదటి గ్లాసు, రెండో గ్లాసు.

నేను యూసుఫ్‌తో అన్నాను: "నాది తప్పని చెప్పు. నన్ను క్షమించమని అడుగు."

యూసుఫ్ తల అడ్డంగా ఊపాడు. "చెప్పలేను."

"ఎందుకు?"

"ఆ తగవు తీరిపోయింది కదా. మీరు ఆ మాట ఎత్తితే ఆయన జవాబివ్వాలి. జవాబిస్తే రొట్టె మీద మాట తప్పినట్టు. ఆయన్ను ఆ ఇరకాటంలో పెట్టకండి."

క్షమాపణ అడిగే దారి కూడా ఆ రోజు కొండ కింద నేనే మూసేశాను. వాల్వు మూయడం చేతకాని వాణ్ణి, ఇలాంటివన్నీ బాగా మూశాను.

మూడో గ్లాసు అయ్యాక ముసలాయన బండిలోంచి మట్ట తీసి నా చేతిలో పెట్టాడు. ఏదో అన్నాడు. యూసుఫ్ ఆ మట్ట వైపు ఒకసారి చూసుకొని అప్పుడు చెప్పాడు:

"నీకు అడ్డమున్నదాన్ని తీసేశాను. ఇప్పుడు చూడు, అంటున్నాడు."

మట్ట తలకట్టున పూస లేదు. తాయెత్తు లేదు. అవి ఉన్న చోట రంగు తేలిన మచ్చ మిగిలింది.

చూశాను. కింది వైపు పాత గాట్లు ఒకదాని మీదే ఒకటి పడి, జానెడు మేరలోనే చలికాలానికి ఎక్కి ఎండాకాలానికి దిగుతూ ఉన్నాయి. అక్కడి నుంచి ఒకటి పైకి తప్పుకుంది. అది మా బోరు పడిన ఏప్రిల్. దాని మీద మే. దాని మీద జూన్. కొండ కింద నాకు చాచినప్పుడు ఆరు గాట్లు ఉన్నాయి, ఎండలు మండే నెలల్లో ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ. ఆ మీద, మాట ఇచ్చి నోరు కట్టుకున్న తర్వాత కూడా, నెల తప్పకుండా పెట్టినవి ఇరవై మూడు. చివరి గాటు మట్ట కొసన ఉంది. దాని పైన గాటు పెట్టడానికి చోటు లేదు.

ఆ మట్ట ఇప్పుడు మా ఇంట్లో తలుపు వెనక ఉంది. రేవతికి తెలుగు చదవడం రాదు, ఈ కాగితాలు నేనే చదివి వినిపించాలి. కట్టెను మాత్రం చేతికిస్తాను. దాన్ని చదవడానికి ఆ పిల్లకు నేను అక్కర్లేదు.